సాంచల దగ్గర విన్న మాట

"చెప్పిన గద అత్తమ్మా. పిల్లను పంపను."

లత గడపకు అడ్డంగా నిలబడి రెండు చేతులతో రెండు వైపులా ద్వారబంధాన్ని పట్టుకుంది. బయట ఆటో డుగు డుగుమంటూ ఆగి ఉంది. ఇంజను ఆపితే మళ్లీ స్టార్ట్ కాదని డ్రైవర్ ఆపలేదు. వెనక సీట్లో నిమ్మకాయల సంచి, కొబ్బరికాయ, వేపమండల కట్ట సర్ది ఉన్నాయి. ఎక్కాల్సింది ఇక నాగవ్వ, ఆమె మనుమరాలు సంగీత.

"ఎందుకు పంపవు? నీ ఒక్కదాని బిడ్డనా అది? నా కొడుకు బిడ్డ గాదా?"

"కాల్చిన సూదితోని సురుకులు పెడుతరట. ఎనిమిదేండ్ల పిల్ల అత్తమ్మా!"

"రెండే. మెడ మీద ఒకటి, నడుం మీద ఒకటి. ఎంతసేపు? లసుమవ్వ మనుమనికి తక్కువ కాలేదా? పోరడు ఇప్పుడు బడికి పోతలేడా?"

"వానికి జరమచ్చి తగ్గింది. మాత్రలేసిన్రు కాబట్టి తగ్గింది."

"అన్ని నీకే ఎరుక!" నాగవ్వ కొంగు నడుముకు బిగించింది. "జగిత్యాలకు ఎన్ని మాట్ల తిప్పితివి? ఏమన్న ఫాయిదా అయిందా? గా హన్మండ్లు ఆదివారం ఒక్కనాడే చూస్తడు. ఇయ్యాల తప్పితే మల్ల వారందాక ఆగాలె. అందాక దీన్ని ఇంట్ల పెట్టుకొని నేను నిద్రపోవాల్నా?"

గొల్లపల్లికి అవతల ఏదో పల్లెలో ఉంటాడు ఆ హన్మండ్లు. ఆయన చెయ్యి పడితే ఎంతటి గాలైనా నిలవదని కోరుట్లలో ఈ వాడ వాడంతా నమ్మింది. నమ్మడానికి వాళ్లకేం పోయింది? కాలేది వాళ్ల పిల్లల మెడలు కావు.

ఈ గొడవకు మూలమైన సంగీత మాత్రం ఇంటి మధ్యలో తల్లి బీడీల చాట ముందు పెట్టుకుని కూర్చుంది. తునికాకు ముక్కల్ని పెద్దవి ఒక వైపు, చిన్నవి ఒక వైపు పేరుస్తోంది. ఎవరు అరుస్తున్నారో, ఎవరి గురించి అరుస్తున్నారో తనకు పట్టనట్టే ఉంది.

మంచం మీద మహిపాల్ తల వంచుకుని కూర్చున్నాడు. లతకు మరిది. సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు నడిచే కార్ఖానాలో గుమాస్తా. తల్లి రమ్మంటే తెల్లవారుజామునే బండి మీద వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"నువ్వన్న చెప్పు మహిపాల్," అంది లత. "సదువుకున్నోనివి. నువ్వు గూడ నమ్ముతవా గిదంతా?"

మహిపాల్ తల ఎత్తలేదు.

"పోనీ వదినా. అవ్వ మనసు కుదుటపడుతది."

"అవ్వ మనసు కుదుటపడనీకి నా బిడ్డను కాలుస్తవా?"

అతను మెడలోని కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు సంగీత లేచింది. ఆకులు తొక్కకుండా జాగ్రత్తగా అడుగులేసుకుంటూ తల్లి దగ్గరికి వచ్చి, గౌను అంచు పైకెత్తి లత రెండు చెంపలూ తుడిచింది. ముందు కుడి చెంప, తర్వాత ఎడమ చెంప. గౌను అంచును కళ్ల దగ్గర పెట్టుకుని చూసుకుంది. మళ్లీ వెళ్లి ఆకుల దగ్గర కూర్చుంది.

"ఎన్ని మాట్ల తుడుస్తవే? ఏం లేదు గద," అంది లత. సిరిసిల్ల నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదొక కొత్త అలవాటు. రోజుకు పది సార్లు తుడుస్తుంది, పొడి చెంపల్ని.

సిరిసిల్ల నుంచి వచ్చినప్పటి నుంచే ఆ రెండో సంగతి కూడా.

సంగీత మాటలెప్పుడూ సొంతవి కావు. టీవీలో సబ్బు ప్రకటన చెప్పేది. ఆకలేస్తే "భోజనాలకు రావాలె, భోజనాలకు రావాలె" అని ఎవరి పెళ్లిలోనో విన్న మైకు మాట చెప్పేది. బయటికి వెళ్లాలనిపిస్తే బస్సు కండక్టరు గొంతుతో "జగిత్యాల, జగిత్యాల" అనేది. ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లు. వాళ్ల నాన్న భూమేశ్ మస్కట్ నుంచి ఫోన్ చేసి మరీ అనిపించుకుని నవ్వేవాడు.

ఇప్పుడు ఎవరికీ నవ్వు రావడం లేదు. లత జ్వరంతో కోరుట్ల దవాఖానలో పడుకున్న నాలుగు రోజులు పిల్ల సిరిసిల్లలో బాబాయి దగ్గర ఉండి వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి నాలుకతో టక్క టక్క టక్కమని చప్పుడు చేస్తోంది. ఆ తర్వాత మగవాడి గొంతు పెట్టి గట్టిగా అరుస్తోంది. "పడ్డడా? ఎట్ల పడ్డడు?" మళ్లీ టక్క టక్క.

ఇంటి వెనక తాటిచెట్టు మీది నుంచి పోయిన ఎండాకాలం కల్లు గీసే రాజలింగం పడి చచ్చిపోయాడు. ఇంకేం కావాలి? టక్క టక్క అంటే రాజలింగం చెట్టు మీద కత్తితో కొట్టే చప్పుడే అంది పక్కింటి లసుమవ్వ. పడిన సంగతి వాడే పిల్ల నోట అడుగుతున్నాడంది. ఒక్క పూటలో వాడంతా పాకింది. పిల్లలు ఈ ఇంటి ముందు నుంచి పరుగెత్తి పోతున్నారు.

ఇదిగో, ఇప్పుడూ మొదలైంది.

"టక్క టక్క టక్క టక్క..."

నాగవ్వ రెండు చేతులెత్తి దండం పెట్టింది. మహిపాల్ మాత్రం గభాలున లేచి నిలబడ్డాడు. దయ్యానికి భయపడ్డవాడైతే పిల్ల వైపు చూడాలి. మహిపాల్ పిల్లను చూడలేదు. లత మొహం వైపు చూశాడు.

ఆ చూపు లతకు దొరికిపోయింది.

"పడ్డడా? ఎట్ల పడ్డడు?" పిల్ల అరిచింది.

"ఇన్నవా? ఇన్నవా? ఇంక ఏం సాక్ష్యం కావాలె నీకు?" నాగవ్వ కోడల్ని పక్కకు నెట్టి బయటికి నడిచింది. "నేను ఆటోల కూసుంటున్న. మహిపాల్, పిల్లను ఎత్తుకొనిరా. దీన్తోని మాటలేంది!"

ఆటో ఇంజను చప్పుడు ఇల్లంతా నిండి ఉంది. లోపల ముగ్గురే మిగిలారు.

జగిత్యాలలో పిల్లకు మాటలు నేర్పే ఊర్మిల మేడం చెప్పిన మాట లతకు గుర్తొచ్చింది. ప్రతి మంగళవారం పిల్లను ఆమె దగ్గరికే తీసుకెళ్తుంది. "ఈ పిల్ల నోట ఉత్త మాట రాదమ్మా లతా. ఎక్కడో విన్న మాటే వస్తది. ఎవరన్నరు, ఎట్ల అన్నరు, అప్పుడు పక్కన ఏం చప్పుడైంది, అంతా కలిపి దాచుకుంటది. మనం మొదలు అందిస్తే చివరిదాక చెప్తది. ఇది పిచ్చి కాదు, దీని భాషే ఇది."

అదే రోజు మేడం ఇంకో పని చేసింది. లత చూస్తుండగా రెండు గ్లాసుల్లో ఒకదాని కింద సుద్దముక్క పెట్టి, లతను బయటికి పంపి, దాన్ని రెండో గ్లాసు కిందికి మార్చింది. అమ్మ వచ్చి ఎక్కడ వెతుకుతుందని పిల్లను అడిగింది. పిల్ల రెండో గ్లాసు చూపించింది. "చూసినవా? తనకు తెలిసింది నీకూ తెలుసనే అనుకుంటది. నువ్వు బయట ఉన్నవ్, నువ్వు చూడలేదన్న సంగతి దానికి తట్టది. నిదానంగా నేర్పుదాం," అంది మేడం.

విన్న మాటే వస్తుంది. మరి ఈ మాట ఎక్కడ విన్నది?

టక్క టక్క టక్క. ఈ చప్పుడు లతకు తెలుసు. పెళ్లయిన కొత్తలో భూమేశ్ ఆమెను తమ్ముడు పనిచేసే కార్ఖానాకు తీసుకెళ్లాడు. అక్కడ మనిషి మాట మనిషికి వినపడదు. పక్కనున్నవాడితోనైనా అరిచే మాట్లాడాలి.

"మహిపాల్. పిల్లను కార్ఖానాకు తీస్కపోయినవా?"

"ఇంట్ల ఉండలేదు వదినా. సాంచల కాడ అయితే మంచిగ కూసుండె. చెవులు గూడ మూసుకోలె."

"అక్కడ ఎవలన్న పడ్డరా?"

"లేదు."

"మరి పడ్డడా అని ఎవలన్నరు?"

"నాకేం ఎరుక వదినా? శానమంది ఉంటరు. ఎవడో అని ఉంటడు."

"నా దిక్కు చూసి చెప్పు."

మహిపాల్ చూడలేదు. గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

లత గొంతు తగ్గించింది. "మీ అన్న ఫోన్ ఎందుకు కలుస్తలేదు?"

"చెప్పిన గదా. సైట్ మార్చిన్రట. ఎడారిల ఏసిన్రు, సిగ్నల్ లేదు. అన్నతోని పనిచేసే అంజి చెప్పిండు."

"పన్నెండు దినాలు. పొద్దుమూకితే అవ్వకు వాయిస్ పెట్టకుండ ఉండని మనిషి. సిగ్నల్ లేకుంటే గుట్ట ఎక్కి పెట్టెటోడు."

"వదినా, ఆటో ఆగి ఉన్నది..."

లత చాట దగ్గరికి వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. ఆకు కత్తిరించే కత్తెర తీసుకుంది. రేకు చాట అంచు మీద మెల్లగా కొట్టింది. టక్క. టక్క. టక్క.

"వద్దు వదినా." మహిపాల్ రెండడుగులు ముందుకు వేశాడు. "నీ కాళ్లు మొక్కుత. కొట్టకు."

ఆ మాటతోనే సగం తెలిసిపోయింది. అయినా ఆమె చెయ్యి ఆగలేదు. ఆగితే బాగుండునని ఆమెకే అనిపించింది. దేవుడా, నా పిల్లకు నిజంగానే దయ్యం పట్టి ఉండాలె అనుకుంది. రాజలింగమే పట్టి ఉండాలె, సురుకులైనా పెట్టిస్త అనుకుంది. టక్క టక్క టక్క.

సంగీత ఆకు ముక్క కింద పెట్టింది. నాలుకతో లయ కలిపింది. మెడ నరాలు ఉబ్బేలా గొంతెత్తింది.

"ఆఁ? గట్టిగ చెప్పు అంజీ! ఇనొస్తలేదు! ఆఁ? పడ్డడా? ఎట్ల పడ్డడు? ఏడో అంతస్తా?"

ఆగింది. ఎంతసేపు ఆగాలో పిల్లకు తెలుసు.

"అన్నా... అయ్యో అన్నా..." ఒక వెక్కు. అది మహిపాల్ వెక్కే, ఉన్నది ఉన్నట్టు. "వదినకు చెప్పకు. దవాఖానల ఉన్నది. అవ్వకు అసలే చెప్పకు. బాక్స్ అచ్చేదాక ఎవ్వలకు చెప్పకు. ఊఁ. ఊఁ. ఈడ ఎవ్వల్లేరు. పిల్ల ఒక్కతే ఉన్నది. దానికేం తెల్వది."

టక్క టక్క టక్క. సంగీత మళ్లీ ఆకు ముక్క చేతిలోకి తీసుకుంది. చూసి, చిన్నవాటి వైపు పెట్టింది.

మహిపాల్ కూలబడిపోయాడు. మంచం కోడును పట్టుకుని నోట్లో కండువా కుక్కుకున్నాడు.

లతకు ఏడుపు రాలేదు. చేతిలో కత్తెర అట్లాగే ఉంది.

ఈ ప్రాంతంలో గల్ఫ్ నుంచి అటువంటి కబురు ముందు మగవాళ్లకే చేరుతుంది. విమానంలో శవం ఉన్న బాక్స్ దిగేదాకా ఆడవాళ్లకు ఏదో ఒకటి చెప్తారు. సీరియస్ అంటారు, ఫోన్ పోయిందంటారు, సిగ్నల్ లేదంటారు. అది దయ అనుకుంటారు. పక్కింటివాళ్లకు తెలుస్తుంది, కిరాణా కొట్టువాడికి తెలుస్తుంది, పెండ్లానికి మాత్రం తెలియదు.

"ఎప్పుడు?" అంది లత.

"సిరిసిల్లకు పిల్లను తీస్కపోయిన రెండో నాడు."

"ఎప్పుడు తెస్తున్నరు?"

"బేస్తారం. శంషాబాద్‌ల దిగుతడు." చనిపోయిన మనిషి గురించి 'దిగుతడు' అన్నాడు. అన్నాక మళ్లీ కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నా బిడ్డ నిజం చెప్పుతుంటే దయ్యం పట్టింది అన్నరు. నీ మాటనే అది నీకు చెప్పుతుంది. నీకెరుకే. ఎరుకయి గూడ దాన్ని ఎత్తుకపోనీకి అచ్చినవా మహిపాల్? నీ నోరు మూసుకొని దాని మెడ కాల్పిస్తవా?"

"అవ్వకు గుండెల స్టంట్ ఉన్నది వదినా. నీకు జరం. నేను ఒక్కన్ని. ఏం చెయ్యాలె చెప్పు? మా అన్న వదినా! సాంచల కాడికి పోయి ఏడ్చుకుంట అస్తున్న. గాడనైతే ఎవ్వలకు ఇనరాదు." పిల్ల వైపు చూసి, "దానికి తెల్వదనుకున్న. ఒట్టు. దానికేం తెలుస్తది అనుకున్న," అన్నాడు.

పిల్లకు అర్థం కాదని అందరూ తీర్మానించుకున్నాక ఆమె ముందు దాచే మాటంటూ ఏదీ ఉండదు. లత కూడా అంతే చేసింది. అత్త మీది కోపాలన్నీ పిల్ల ముందే కక్కింది.

సంగీత లేచి వచ్చింది. గౌను అంచు పైకెత్తి తల్లి చెంపలు తుడిచింది. కుడి చెంప, తర్వాత ఎడమ చెంప. అంచును కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఈసారి తడిగా ఉంది. ఆ తడిని వేలితో ముట్టుకుని చూసింది. తర్వాత మెల్లగా, భూమేశ్ ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లే ముందు అన్న మాట ఆయన గొంతులోనే అంది.

"ఏడ్వకు లతా. నేనున్న గద."

అప్పుడు లతకు అర్థమైంది. తనకు తెలిసింది అమ్మకూ తెలుసనే పిల్ల అనుకుంది. అమ్మ ఏడుస్తుందని రోజుకు పది సార్లు వచ్చి చెంపలు తుడిచింది. అమ్మ ఎందుకు ఏడవడం లేదో తెలియక మళ్లీ మళ్లీ వచ్చింది. ఇన్ని రోజులు ఈ ఇంట్లో భూమేశ్ పోయిన దుఃఖం ఒక్క ఈ పిల్లే మోసింది.

లత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంగిపోయింది. అయ్యో బిడ్డా, అయ్యో నా బిడ్డా అని లోపలే అరిచింది.

"ఏందా ఒర్లుడు?"

నాగవ్వ గడపలో నిలబడి ఉంది. ఆటో చప్పుడులో మాటలు వినపడలేదు కానీ పిల్ల అరుపు వినపడింది. కొడుకును, కోడల్ని మార్చి మార్చి చూసింది.

"ఏమైంది? మీరిద్దరు గట్లున్నరేంది? ఏమన్నది పిల్ల?"

"ఏం లేదత్తమ్మా," అంది లత.

ఆ మాట అంత తొందరగా తన నోట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఇప్పుడే మరిదిని నిలదీసిన నోరు అది.

"ఏం లేకుంటే ఎందుకేడుస్తున్నవ్? మహిపాల్, నువ్వు చెప్పురా."

"ఏం లేదవ్వా. పిల్లను పంపద్దు. కాల్చుడు వద్దు. ఆటోను పొమ్మంట."

"మీరు చెప్పరు. నాకెరుక, ఏదో దాస్తున్నరు నా కాడ." నాగవ్వ వచ్చి పిల్ల ముందు చతికిలబడింది. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "నువ్వు చెప్పు బిడ్డా. నీకు అబద్ధం రాదు. ఏమన్నవు? మీ అమ్మ ఎందుకేడ్సింది?"

మహిపాల్ కదలలేదు. ఆపాలంటే పిల్ల నోరు మూయాలి. మూస్తే ముసలామెకు అంతా తెలిసిపోతుంది.

సంగీత నానమ్మ కళ్లలోకి చూడలేదు. ఎప్పటిలాగే పెదవుల వైపు చూసింది. వణుకుతున్న ఆ పెదవుల్ని చాలాసేపు చూసింది. తర్వాత వేరే గొంతు వచ్చింది. నెమ్మదైన గొంతు. వెనక ఫ్యాన్ తిరిగే చప్పుడు కూడా కలిపి.

"అవ్వా, తిన్నవా? గోలి ఏసుకున్నవా? పైలం అవ్వా. జల్దీ అస్త."

అది రోజూ సాయంత్రం భూమేశ్ పెట్టే వాయిస్. మస్కట్ గదిలో ఎనిమిది మంది మధ్య కూర్చుని పెట్టే వాయిస్.

నాగవ్వ మొహం విచ్చుకుంది. "తిన్న కొడుకా," అంది. ఫోన్‌లో అన్నట్టే అంది. "గోలి ఏసుకున్న. నువ్వు తిన్నవా?" వెంటనే పిల్లను ఒళ్లోకి గుంజుకుని తల నిమిరింది. "ఇంటున్నరా మీరు? గిది దయ్యమా? నా కొడుకు గొంతు గాదా గిది? తండ్రి మీద బెంగ పెట్టుకున్నది పిల్ల. నాకే బుద్ధి లేదు. మహిపాల్, పో, ఆటోను పొమ్మను."

మహిపాల్ బయటికి నడిచాడు.

లత పిల్లనే చూస్తోంది. నానమ్మకు తెలియదని దీనికి తెలిసిందా? తెలిసి, ఆ మాట దాచి ఈ మాట ఇచ్చిందా? లేక నానమ్మ మొహం చూస్తే ఎప్పుడూ వచ్చే మాటే వచ్చిందా? ఊర్మిల మేడంను అడగాలి. మేడంకు మాత్రం ఏం తెలుస్తుంది?

బయట ఆటో వెళ్లిపోయింది. ఆ డుగు డుగు తగ్గిపోయి, వాడ మలుపు తిరిగి, లేకుండా పోయింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఇప్పుడు గుసగుస కూడా వినపడుతుంది.

"జల్దీ అంటే ఎప్పుడు కొడుకా?" నాగవ్వ పిల్ల చెవి దగ్గర అడిగింది. ఆశగా, బతిమాలుతూ అడిగింది. "మల్ల అను బిడ్డా. మీ బాపు ఎప్పుడస్తడట? చెప్పు, నా తల్లి గద."

సంగీత నానమ్మ ఒళ్లో నుంచి చెయ్యి చాపి రేకు చాట అంచు మీద వేళ్లు పెట్టింది.

టక్క.

టక్క.

లత గభాలున వంగి ఆ చేతిని తన చేతితో మూసింది. అరచేతి కింద చిన్న వేళ్లు ఇంకా కదులుతూనే ఉన్నాయి.